ఫిర్యాదు లేని వాన

ఖైరతాబాద్ జలమండలి, మూడో అంతస్తు,
ఫిర్యాదుల సెక్షను.
నాకు వానంటే హెడ్‌ఫోన్‌లో ఒక గొంతు:
"మ్యాన్‌హోల్ మూత కొట్టుకుపోయింది మేడమ్,
పిల్లలు బడికెళ్లే దారి మేడమ్."
పంతొమ్మిదేళ్లుగా వానని చెవితోనే చూశాను,
కాలనీ పేరు, వీధి నంబరు, ల్యాండ్‌మార్కుతో సహా.

పక్క కుర్చీ తస్నీమ్‌ది.
టిఫిన్ మూతలు తీయగానే మాకు జపాన్ మొదలవుతుంది.
గోడ మీది పంచాంగం క్యాలెండర్లో
కార్తె పేరు కింద పెన్సిలుతో అక్కడి రుతువు రాస్తుంది తను.
మనకి ఇరవై ఏడు కార్తెలు, వాళ్లకి డెబ్భై రెండట,
అయిదేసి రోజుల బుల్లి రుతువులు.
"ఇగో, మన మృగశిరలోనే
కుళ్లిన గడ్డి మిణుగురులయ్యే అయిదు రోజులు"
అని చదివింది ఒకరోజు.
నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగింది.

అందరూ మార్చి చివర్లో వెళ్తారు.
అడ్మిన్ సెక్షన్ సుహాసిని వెళ్లొచ్చింది.
పూల కింద జనం, జనం మీద పూలు,
"నుమాయిష్ లాగే ఉందక్కా, టికెట్టే ఎక్కువ" అంది.
మార్చిని కొట్టేశాం.
నవంబరు ఎర్రాకుల్నీ కొట్టేశాం
(అక్కడ తస్నీమ్‌కి కొంచెం మనసు పీకింది).
క్యోటో మీద అడ్డంగా గీత.
మిగిలింది పడమటి సముద్రం వైపు
ఇజుమో వెనక కొండల్లో ఒంటిపెట్టె రైలు,
రోజుకి మూడో నాలుగో,
ఒకటి పోతే మూడు గంటలు బెంచీ మీద.
"లింగంపల్లిలో ఎమ్మెమ్‌టీఎస్ కోసం కూర్చోలేదా" అన్నాను.
"అక్కడ చెప్పిన టైముకే వస్తదే, అదే భయం" అంది.

తన మోకాళ్ల కోసం మెట్ల గుళ్లన్నీ తీసేశాం.
నా కోసం చేపపొడి లేని చారు వెతికాం, దొరకలేదు.
ఆ ఊళ్లో హలాలూ ఉండదు.
"అయితే ఇద్దరిదీ ఒకే పంక్తి,
నీ కందిపొడి, నా నిమ్మకాయ అచార్, వాళ్ల అన్నం."

మా ఆయన అంటాడు:
"వాన చూడ్డానికి అంత దూరమా?
మలక్‌పేట బ్రిడ్జి కింద ఉచితం."
నవ్వాను గానీ ఎలా చెప్పను,
ఒక్కసారి, వాన పడుతుంటే
ఎవరింట్లోకి నీళ్లొచ్చాయో నాకు తెలియకుండా ఉండాలని,
ఏదో చూరు కింద నిలబడి
దాన్ని ఏ కాలమ్‌లోనూ నింపకుండా ఉండాలని.

విఠల్‌రావు సార్ కాగితం చదవకుండానే తిరిగిచ్చేవాడు.
"జూన్ల? వానాకాలం లీవులు బంద్, తెల్వదా?
డిసెంబర్ల పోండ్రి, చలి మంచిగుంటది."
తొమ్మిదేళ్లు, తొమ్మిది కాగితాలు.
కారణం అన్నచోట మొదట్లో సొంత పనులు అని రాసేదాన్ని,
తర్వాత అనారోగ్యం.
ఒకసారి కోపంతో, వాన.

ఈ మే ముప్పై ఒకటిన తస్నీమ్ రిటైరైంది.
శాలువా, గోడ గడియారం, ఇస్త్రీపెట్టె.
బస్టాపులో చెప్పింది, టికెట్ ఒక్కటే కొన్నానని.
నా వైపు చూడలేదు,
వచ్చే బస్సుల నంబర్లు చదువుతూ నిలబడింది.
కాసేపు నేను మంచిదాన్ని కాలేకపోయాను.
"గొడుగు పెద్దది పెట్టుకో" అన్నాను,
అదీ రెండో బస్సు పోయాక.

నోటుబుక్కు నా దగ్గరే వదిలింది.
రైళ్ల టైములన్నీ తనకి కంఠతా వచ్చట.

రోళ్లు పగలగొట్టి రోహిణి పోయింది.
నాంపల్లిలో చేపమందు క్యూలు విడిపోయాయి.
పదకొండో తారీకు, తన రైలు కొండ మీది స్టేషనుకి చేరేసరికి
అక్కడ సాయంత్రం ఆరు,
నాకు మధ్యాహ్నం రెండున్నర, సెక్షన్ నిండా ఫోన్లు.
ఆ వేళకి రిజిస్టరులో ఒక వరస ఖాళీగా ఉంచాను.

"చేస్తా, కానీ మాట్లాడను,
ఫోను బయటికి పట్టుకుంటా" అంది.

ఎత్తగానే "చెప్పండి, మీ సమస్య?" అనడం నాకు అలవాటు.
అనకుండా ఉండడం
ఇంటి దగ్గర ప్రాక్టీసు చేస్తున్నాను.